కిటికీ కింది కన్నాలు

వదినా,

ఫోన్‌లో చెబితే మీకు సగం వినబడదు, మిగతా సగం మీకు నచ్చినట్టు వింటారు. కోపం తెచ్చుకోకండి, ఆ మాట మీ తమ్ముడిదే, నాది కాదు. ఆయనైతే బస్సెక్కి వచ్చి మీ చెవి దగ్గర కూర్చుని చెప్పేవారు. నాకు మీ ఎదురుగా కూర్చుని ఈ సంగతి చెప్పే ధైర్యం లేదు, అందుకని రాస్తున్నాను.

మీరు పంపిన కాగితం అందింది. బండ్ల రిపేరు సంఘం వాళ్ళు మేస్త్రీ పేరు తమ జాబితాలోంచి కొట్టేశారనీ, షెడ్డు మూయించారనీ, ఇప్పుడు నేను కూడా సంతకం పెడితే అతను ఇక జన్మలో ఏ బండి మీదా చెయ్యి వెయ్యకుండా చేయవచ్చనీ రాశారు. నాలుగు రోజులుగా ఆ కాగితం నా కుట్టుమిషను మీదే ఉంది. పెన్ను మూత తీస్తాను, మళ్ళీ పెడతాను. సంతకం పెట్టలేను వదినా. మీ తమ్ముడి మంచం పక్క గోడ కుళ్ళిపోయింది మేస్త్రీ వల్ల కాదు, నా వల్ల.

రాసేశాను. కాసేపు లేచి తిరుగుదామంటే ఈ బండిలో నాలుగడుగులు వేస్తే డ్రైవరు సీటు వస్తుంది, ఆ సీటు చూడలేక మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ఈ మోటార్‌హోమ్ కొన్నప్పుడు మీరు ‘ఇల్లన్నాక ఒకచోట ఉండాలమ్మాయ్, దానికి చక్రాలేమిటి?’ అన్నారు. ఆయన వింటేనా! ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో జనాన్ని వాళ్ళక్కావలసిన చోట దించాను, ఇక నాక్కావలసిన చోట నేను దిగుతాను అని పట్టుబట్టారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇందులోకి వచ్చేశాం. చెరోవైపు ఒక మంచం, మధ్యలో పొయ్యి, తలుపు దగ్గర నా మిషను. పోట్లాడుకుంటే అలిగి వెళ్ళి కూర్చోవడానికి డ్రైవరు సీటు ఒక్కటే ఉండేది, దానికోసం మళ్ళీ పోట్లాడుకునేవాళ్ళం. నాకు బండిలో అన్నీ నచ్చాయి, వాన తప్ప. చిన్నప్పుడు మా ఇంట్లో వానొస్తే గిన్నెలన్నీ నేల మీద చుక్కల కింద ఉండేవి, వంటకి ఒక్కటీ మిగిలేది కాదు. మీకు తెలుసు కదా, ఇప్పటికీ చినుకు పడితే లేచి కూర్చుంటాను.

కొన్న నెలకే పైకప్పులో గాలికిటికీ చుట్టూ గోధుమరంగు మరక కనబడింది. అప్పుడు వెళ్ళాం మేస్త్రీ దగ్గరికి. బక్కపలచని మనిషి, కళ్ళజోడుకి దారం కట్టుకుని ఉంటాడు. నిచ్చెన వేసి బండి మీదికి ఎక్కినవాడు అరగంట దాకా దిగలేదు. ప్రతి అతుకూ వేలితో నొక్కుతూ పోయాడు. పాత ఓనరెవరో పగుళ్ళ మీద సిలికాన్ పూసి, అది ఊడితే దాని మీదే మళ్ళీ సిలికాన్ పూశాడట. ‘దీని మీద ఇంకేదీ అంటుకోదమ్మా, మొత్తం గీకాల్సిందే’ అని మూడు రోజులు ఎండలో కూర్చుని గీకాడు. స్పిరిటుతో తుడిచి, జిగురు టేపు వేసి, ఆ పైన కొత్త సీలెంటు పోశాడు. బండి ముందు నుదుటి మీద ఉండే చిన్న దీపాలు కూడా విప్పి వాటి కింద టేపు మార్చాడు. ‘నీళ్ళు ఎక్కడో దూరి ఎక్కడో తేలతాయి. మరక కనబడేదాకా ఆగకుండా మూడు నెలలకోసారి తీసుకురండి’ అన్నాడు. నేను కుట్టుపని చేసేదాన్ని, పనివాణ్ణి చూస్తే తెలుస్తుంది. పాత కుట్టు విప్పకుండా దాని మీద కొత్త కుట్టు వేసే రకం కాదు అతను. అంత తెలిసీ, అతని మీద నింద పడుతుంటే నోరు కుట్టుకుని నిలబడ్డాను.

మీ మోకాలి ఆపరేషనుకి ఆయన పది రోజులు మీ దగ్గర ఉన్నారు చూడండి, అప్పుడు జరిగింది. ఎడతెరిపి లేని వాన. నేనొక్కదాన్నే. గొడుగు వేసుకుని బండి చుట్టూ తిరిగి చూస్తుంటే, కిటికీల కింద బయటివైపు ఫ్రేములో బియ్యపుగింజంత కన్నాలు కనబడ్డాయి, ఒక్కో కిటికీకి రెండు. వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికొచ్చి చూస్తే కిటికీ అద్దం జారే గాడిలో కూడా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఓహో, ఇక్కడినుంచా వస్తున్నాయి అనుకున్నాను. కన్నం కనబడితే మూసేయడమే కదా నేను ఇన్నేళ్ళూ చేసిన పని! వాన తెరిపివ్వగానే, మేస్త్రీ మిగిల్చి ఇచ్చిన సీలెంటు ట్యూబు జిగురు ఒత్తే గన్నులో పెట్టి, ఆరు కిటికీలకీ కలిపి పన్నెండు కన్నాలూ మూసేశాను. సబ్బునీళ్ళలో వేలు ముంచి నునుపుగా దిద్దాను. అంత పొందికగా నేను ఏ చొక్కాకీ కాజాలు కూడా కుట్టలేదు.

ఆయన తిరిగి రాగానే సంచీ కూడా దించనివ్వకుండా చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పి చూపించాను. ‘మా టైలరమ్మ బండికి కూడా కుట్లు వేసేసింది’ అని నవ్వారు. ఆ తరువాత వాన వస్తే నేను లేచి కూర్చోలేదు వదినా. హాయిగా నిద్రపోయాను. నా జన్మలో అంత నిశ్చింతగా ఎప్పుడూ లేను.

ఆ కన్నాలు నీళ్ళు లోపలికి వచ్చే దారి కాదు, బయటికి పోయే దారి. ఎంత మంచి బండికైనా కిటికీ గాడిలో కాసిన్ని నీళ్ళు చేరతాయట, అవి ఆ కన్నాల్లోంచి జారిపోవాలట. దారి మూసేస్తే ఎటు పోతాయి? ఫ్రేము మూలల్లోంచి గోడలోకి దిగాయి. పైన రంగు చెక్కు చెదరలేదు. లోపల ప్లైవుడ్ నానిపోయి, నల్లగా బూజు పట్టి, ఆయన తల పెట్టుకునే చోటే ఒక జానెడు మేర మెత్తబడింది. ఇదంతా నాకు తెలిసేసరికి ఆయన లేరు.

మొన్న వానాకాలంలో ఆయనకి దగ్గు మొదలైంది. నేనేమన్నానో కూడా రాయాలి. ‘మానేశానని చెప్పి దొంగచాటుగా సిగరెట్లు తాగుతున్నారు’ అన్నాను. ఒకసారి కాదు, రోజూ. జేబులు వెతికాను. ‘పొగ వాసన వస్తుందేమో నువ్వే చూడవే’ అని చొక్కా తీసి నా ముక్కు దగ్గర పెట్టేవారు. పొగ వాసన లేదు, ముక్కిన వాసన ఉంది. సరిగా ఆరలేదేమోనని మళ్ళీ ఉతికాను. ఆసుపత్రిలో డాక్టరు ‘ఇంట్లో చెమ్మ గానీ బూజు గానీ ఉన్నాయా?’ అని అడిగితే నేనే ముందు నోరు తెరిచి ‘మా బండిలోకి చుక్క నీరు రాదండీ’ అన్నాను. గొప్పగా అన్నాను వదినా. ఆయన మంచం మీదనుంచి నావైపు చూశారు. ముప్పై ఏళ్ళ రోడ్డు పొగకి ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉన్నాయని తరువాత డాక్టరు అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్న మాట.

మిగతాది మీరు చూశారు. ఆయన పోయాక పక్క తీస్తుంటే నా మోచెయ్యి గోడకి తగిలి లోపలికి దిగింది. పలక పీకి చూసి మీరు అక్కడే కూలబడ్డారు. ‘ఆ మేస్త్రీగాడు నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు’ అన్నారు. ఆ మాట పట్టుకుని నేను నిలబడ్డాను. వేరే షెడ్డు నుంచి వచ్చిన మనిషి కిటికీ విప్పి ‘ఈ కన్నాలు ఎవరు మూశారమ్మా? వీటిని మూయకూడదు కదా’ అని అడిగినప్పుడు మీరు బయట ఉన్నారు. ‘మాకేం తెలుసు, కొన్నప్పటి నుంచీ అంతే’ అన్నాను. అతను వెళ్ళాక ఆ సీలెంటు పీలికలు ఏరి చెత్తలో వేశాను. సంఘం వాళ్ళు వచ్చినప్పుడు ‘మూసి ఉన్నాయని మేస్త్రీకి కనబడలేదా? చూసుకోవాల్సింది అతను కాదా?’ అని ఎదురు అడిగాను. అతను తల దించుకుని నిలబడ్డాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

రేపు అతని ఇంటికి వెళ్తాను. తల్లి లేని పిల్లవాణ్ణి ఎత్తుకుని పెంచి నా చేతిలో పెట్టారు మీరు. నేను ఇలా చేశాను. నా ముఖం చూడనంటే చూడకండి. తిడుతూ అయినా సరే ఒక ఉత్తరం ముక్క రాయండి.

మీ మరదలు

*

వదినా,

మీ జవాబు రాలేదు. వస్తుందని ఎదురుచూసే ముఖం కూడా నాకు లేదు. అయినా మేస్త్రీ ఇంట్లో జరిగింది మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

వరండాలో చాప వేసుకుని పాత కుక్కర్లకి రబ్బర్లు మారుస్తున్నాడు. వాటినీ అలాగే చేస్తున్నాడు, అంచంతా వేలితో తడిమి చూసి, మట్టి గీకి, తుడిచి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతని భార్య లోపలికి వెళ్ళి గుమ్మం దగ్గర ఆగింది, రమ్మనలేదు. కూర్చోకుండానే చెప్పేశాను. కన్నాలు నేనే మూశాను, అబద్ధం చెప్పాను, మీ బతుకు నాశనం చేశాను అన్నాను. దారిలో ఇంకా చాలా అనుకున్నాను గానీ నోట్లోంచి ఇంతే వచ్చింది.

అతను కళ్ళజోడు సర్దుకుని నావైపు చూశాడు.

‘మీరా?’ అన్నాడు. ‘ఆయన తనే మూశానన్నారే!’

‘ఎవరు?’

‘మీ ఆయనేనమ్మా. మూడు నెలల చెకప్‌కి తెచ్చారు కదా, అప్పుడే చూశాను నేను. కన్నాలు మూసేశారేంటి సార్, నీళ్ళెటు పోతాయి అన్నాను. ఎవరు మూశారని అడగను కూడా లేదు, నేనే నేనే, తెలియక మూశాను అనేశారు. పది నిమిషాల పని, ఇప్పుడే తీసేస్తానన్నాను. వద్దు, మా ఆవిడ టీ తాగి వచ్చేస్తుంది, ఇంటి దగ్గర నేనే తీసుకుంటాలే అన్నారు. వాయిదా వేయకండి సార్ అని రెండుసార్లు చెప్పాను.’

‘మరి ఆ మాట సంఘం వాళ్ళకెందుకు చెప్పలేదు? చెబితే మీ మీదికి వచ్చేది కాదు కదా!’

‘ఎట్లా చెప్పనమ్మా? మనిషి పోయి నెల కూడా కాలేదు. మీరూ, ఆ పెద్దమ్మగారూ ఎదురుగా నిలబడి ఉన్నారు. మీ ఆయన చావు ఆయనే తెచ్చుకున్నాడని మీ ముఖాన అనమంటారా?’

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అతని భార్య మాట్లాడింది. ‘చెప్పవయ్యా, మన పొయ్యి మీద నీళ్ళు పోయకు అని కాళ్ళావేళ్ళా పడ్డాను. విన్లేదు.’ నావైపు చూడకుండా గోడకి చెప్పినట్టు చెప్పింది. నేను సంఘానికి వెళ్ళి నిజం చెప్పి షెడ్డు తెరిపిస్తానన్నాను. ‘ఆ జాగా వేరేవాళ్ళు తీసుకున్నారమ్మా. నిచ్చెనలూ, సామాన్లూ కూడా పోయాయి’ అన్నాడు మేస్త్రీ, కుక్కరు మూత మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటూ. వచ్చేసేముందు నేను దణ్ణం పెడితే కంగారుపడి లేవబోయాడు, ఒళ్ళో మూత కిందపడింది.

ఆయనకి తెలుసు వదినా. తెలిసీ ఏడాదికి పైగా ఆ గోడ పక్కనే పడుకున్నారు. ఆ చెకప్ తరువాత బండిని మళ్ళీ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్దామంటే ‘ఇప్పుడేం అవసరంలే’ అని దాటేసేవారు, నేనేమో బద్ధకం అనుకున్నాను. ఆసుపత్రిలో నేను చుక్క నీరు రాదని గొప్పలు పోయినప్పుడు ఆయన నావైపు ఎందుకు చూశారో ఇప్పుడు తెలిసింది. ఒక్క మాట అంటే ఏమయ్యేది? నేను ఏడ్చేదాన్ని, రెండు రోజులు అన్నం మానేసేదాన్ని, తరువాత ఆయన బతికి ఉండేవారు. ఒక్క మాటకి పగిలిపోయే గాజుగ్లాసు అనుకున్నారా నన్ను? ఆయన పోయాక మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏడుపు కూడా రావడం లేదు. మిషను ముందు కూర్చుంటే సూదిలో దారం ఎక్కడం లేదు. మనుషులు బట్టలు తెచ్చి ఇస్తే తీసుకుంటున్నాను, కుప్ప పడి ఉన్నాయి.

ఎందుకు చెప్పలేదో మీకేమైనా తెలుసా? మీకు అన్నీ చెప్పేవారు కదా.

మీ మరదలు

*

మరదలికి,

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు జవాబు రాయకూడదనుకున్నాను. నీ మీద కోపంతో కాదు. నోరు మూసుకుని కూర్చుంటే గడిచిపోతుందనుకున్నాను. రెండోది వచ్చాక ఇక దాచలేను. నీకు మల్లే నాకు ముందూ వెనకా చూసి రాయడం చేతకాదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

కన్నాలు నువ్వు మూశావని నాకు అప్పుడే తెలుసు అమ్మాయ్.

వాడు నాకు ఉత్తరం రాశాడు. ఫోన్‌లో నాకు వినబడాలంటే అరవాలి, అరిస్తే ఆ అగ్గిపెట్టెంత బండిలో నీకు వినబడుతుంది. బయలుదేరి వద్దామంటే, అప్పుడే పది రోజులుండి వెళ్ళాడు, మళ్ళీ ఎందుకని నువ్వు అడుగుతావు. అందుకని రాశాడు. అరవై ఏళ్ళ బతుకులో వాడు నాకు రాసిన ఉత్తరం అదొక్కటే. చెప్పుకునేదంతా నా మంచం పక్కన కూర్చుని చెప్పుకునేవాడు.

ఏం రాశాడో నాకు కంఠతా వచ్చు. ‘అక్కా, నీ మరదలు నీళ్ళు పోయే కన్నాలు మూసేసిందట, మేస్త్రీ చెప్పాడు. దానికి చెబితే మళ్ళీ వానొస్తే లేచి కూర్చుంటుంది. ఇన్నేళ్ళకి ఇప్పుడే కాస్త కంటినిండా నిద్రపోతోంది. తన మంచం వైపు మూడు కిటికీలకీ అడుగునుంచి దబ్బనంతో పొడిచి తీసేశాను. బండికి అటుపక్క ప్రహరీ గోడ ఉంది, తను వెళ్ళి చూడదు. దబ్బనం విరిగితే కొత్తది కొని డబ్బాలో పెట్టాను. నా వైపువి తీద్దామంటే సీలు పట్టీలాగా ఊడి వచ్చేస్తోంది. అక్కడే కదా నీ మరదలు రోజూ తలుపు బయట మిషను వేసుకుని కూర్చునేది, తెలిసిపోతుంది. ఏం చేయమంటావు?’ అని అడిగాడు.

నన్ను అడిగాడు. అడిగినవాడికి నేనేం చెప్పానో విను. మా వీధి డ్రైవరు మీ వైపు వస్తుంటే వాడితో కబురు పంపాను. ‘ఊరుకోరా, ఆ పిల్లని ఏడిపించకు, వానలు వెళ్ళాక నెమ్మదిగా చూసుకో’ అని. పెద్దదాన్ని, బుద్ధి చెప్పానని సంబరపడ్డాను. వానలు వెళ్ళాయి. పైకి ఏమీ కనబడడం లేదు కదా అని వాడు ఊరుకున్నాడో, మరిచిపోయాడో తెలియదు. నేను గుర్తు చేయలేదు. మళ్ళీ వానలు వచ్చాయి, వాడికి దగ్గు వచ్చింది. దగ్గుతున్నాడని నువ్వు ఫోన్‌లో అరిచి చెప్పినప్పుడు కూడా నాకు ఆ కన్నాలు గుర్తుకు రాలేదు. పలక పీకినప్పుడు గుర్తుకు వచ్చాయి. అక్కడే కూలబడింది అందుకే. మేస్త్రీ పేరు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వచ్చాక దాన్ని వదలలేదు. వదిలితే నా పేరు చెప్పాలి.

నువ్వు తెలియక మూశావు. నేను తెలిసి ఊరుకోమన్నాను. నీచేత సంతకం పెట్టించాలని చూసింది కూడా నేనే. నీ మీద ప్రేమ ఉండి కాదు, తోడు కోసం. నిన్ను నేను క్షమించడానికి ఏమీ లేదు. నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు సరేనంటావు, అది నాకు వద్దు.

నిన్న సంఘం ఆఫీసుకి వెళ్ళాను. ఆ మోకాలితో రెండంతస్తులు ఎక్కేసరికి ప్రాణం పోయింది. అంతా చెప్పాను. అక్కడి గుమాస్తా పాపం మర్యాదస్తుడు, గట్టిగా చెప్పినవి కూడా మళ్ళీ కాగితం మీద రాసి చూపించాడు. మేస్త్రీ పేరు తిరిగి జాబితాలో వేస్తారట. అతనికి కబురు పంపితే రానన్నాడట, కుక్కర్లే బాగున్నాయన్నాడట. అతని ఇంటికి నేనూ వెళ్ళాలి. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదు, అయినా వెళ్తాను. వాళ్ళావిడ తిడితే బాగుండును.

ఒక సంగతి. నా మాట ఒక్కటీ చాలదు, రుజువు కావాలన్నారు. తమ్ముడి ఉత్తరం ఇచ్చేశాను. నకలు పనికిరాదట, అసలుదే ఫైల్లో పెట్టుకున్నారు. వాడి చేతిరాత నా దగ్గర ఇంకేమీ లేదు. నీ దగ్గరా ఉండదు, ఒకే బండిలో ఉండి మొగుడు పెళ్ళానికి ఉత్తరం ఎందుకు రాస్తాడు? నీకు చూడాలని ఉంటే ఆ రెండంతస్తులూ ఎక్కి అక్కడే అడగాలి. నువ్వెవరివని అడుగుతారు. చెప్పు.

మీ వదిన